పిక్కల మావయ్య

బంధువర్గంలో అడక్కుండా ఆరోగ్యసలహాలిచ్చేవారు ఒకరు తప్పరు. మా వంతుకి గజపతినగరం చినమావయ్య వచ్చాడు. కుశలప్రశ్నలు ఆయనకి పడవు. పెళ్లిపంక్తిలో కూర్చున్న వియ్యంకుణ్ణి పట్టుకుని, "బావగారూ, ఒంటేలు ఏ రంగులో వస్తంది?" అంటాడు. ముదురు పసుపంటే నీళ్లు చాలట్లేదని తీర్పు. "రాత్రి పిక్క పట్టేసిందండీ" అని ఎవరైనా నోరుజారారా, వాళ్ల విస్తట్లో అన్నం చల్లారినట్టే.

ఆయన సంచీలో ఎప్పుడూ నిమ్మకాయలు, ఉప్పు పొట్లం, మజ్జిగ సీసా, ఓఆర్‌ఎస్ పాకెట్లు. రోహిణికార్తెలో బస్సు దిగిన ముక్కూమొహం తెలియనివాళ్లకి కూడా మజ్జిగ పోస్తాడు. కాకపోతే సాంతం తాగేదాకా అక్కడే నిలబడి చూస్తాడు. పెద్ద ఓఆర్‌ఎస్ పాకెట్టుని ఒక్క గ్లాసులో కలిపేద్దామంటే చెయ్యి పట్టేసుకుంటాడు. లీటరు నీళ్లు పడాల్సిందే. అందులో ఆయన మాటే రైటు. చెమటోడ్చినవాడు ఉత్త నీళ్లు బిందెడు తాగినా లాభం లేదన్నదీ నిజమే. ఇంగ్లండు బొగ్గుగనుల్లో వేడికి ఒళ్లు పట్టేసే కూలీలకి, 1920ల్లో, తాగేనీళ్లలో కాస్త ఉప్పేసే తగ్గించారు. మనవాళ్లు ఆ గొడవేమీ లేకుండా చోడంబలిలో ఉప్పూ మజ్జిగా పోసుకుని పొలానికి పోయేవారు. వంద గ్రాముల చోళ్లలో, అదే రాగుల్లో, 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం, బియ్యంలో అందులో పదోవంతు కూడా ఉండదు. ఈ లెక్క మావయ్య నోట వినని ఇల్లు మా వీధిలో లేదు. అక్కడితో ఆగితే ఆయన మా మావయ్య ఎందుకవుతాడు? వీరఘట్టం వస్తాదు కోడి రామ్మూర్తినాయుడు కార్లు పట్టి ఆపింది కూడా అంబలి బలంతోనే అంటాడు. దగ్గరుండి పోసినట్టు!

ఆషాఢంలో అందర్నీ సింహాచలం గిరిప్రదక్షిణకి బయల్దేరదీశాడు. 32 కిలోమీటర్లు. కొండకింద తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టింది మొదలు, మజ్జిగ పంచే ప్రతి పందిరి దగ్గరా ఆపి మాచేత తాగించాడు, తనూ తాగాడు. అరటిపళ్లు పంచాడు, తనూ తిన్నాడు. అర్ధరాత్రి మాధవధార దగ్గర "ఓలమ్మో!" అని కరెంటు స్తంభాన్ని వాటేసుకున్నదెవరయ్యా అంటే, ఆయనే.

లోటు నీళ్లదీ కాదు, ఉప్పుదీ కాదు. ఏడాది పొడుగునా సందు చివర కొట్టుకి కూడా ఆటోలో వెళ్లే పిక్కలవి. అలవాటు లేని కండ అలిసిపోతే ఎంత తాగినా పట్టేస్తుంది. ఆ మాట ఆయనతో అనే ధైర్యం లేక మేమంతా నిమ్మకాయ కోసం సంచీ వెతుకుతున్నాం. అత్తయ్య మాత్రం రోడ్డుమీదే చతికిలబడి, ఆయన్ని కూలేసి, మోకాలు చాపించి, కాలివేళ్లని ఆయనవైపుకి వంచి పట్టుకుంది. నిమిషంలో పిక్క వదిలింది.

మావయ్య లేచి, కాలు విదిలించి, మావైపు తిరిగాడు.

"చూసినారేటి? నిన్న పొద్దున్న తాగిన అంబలి ఇప్పుడు పనిచేసింది!"