పాత పడవ పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక: పద్యకర్త ఎవరో తెలియదు. భాషను బట్టి చూస్తే ఉత్తర కాలిఫోర్నియాలో స్థిరపడిన తెలుగువాడు. భావాన్ని బట్టి చూస్తే గరాజ్‌లో ట్రెయిలర్ మీద పడవను ప్రతిష్ఠించి, భార్య కారును వీధిపాలు చేసిన గృహస్థు. పడవ 1992 నాటిది, పొడవు 18 అడుగులు. అందులో మెర్‌క్రూయిజర్ వారి 3 లీటర్ల, నాలుగు సిలిండర్ల ఇంజను, వెనక ఆల్ఫా వన్ డ్రైవు. ఇంజను పడవ లోపల, దాని కాలు నీళ్లలో: ఈ అమరికకే స్టెర్న్‌డ్రైవ్ అని పేరు. జిమ్ విన్ రూపకల్పన చేసిన అక్వామాటిక్‌ను వోల్వో పెంటా 1959లో బయటపెడితే, 1961లో మెర్‌క్రూయిజర్ పోటీకి దిగింది.

మూలంలో లేనిది రాయనని సంస్కృత కావ్యాల వ్యాఖ్యాత కొలాచల మల్లినాథ సూరి నియమం పెట్టుకున్నాడు. ఈ వ్యాఖ్యాతకు అంత నిష్ఠ లేదు.

పాత పడవకేల పంచకళ్యాణులు
గియరు తెలిసి ఱెక్క గీతఁ జూడు
నాల్గువేలు దాఁటి నాలుగొందలు రాక
ఇంజనెంత పెంచి యేమి ఫలము

టీక: పాత పడవకున్ = ఏళ్లు మీదపడిన నావకు; పంచకళ్యాణులు = మేలుజాతి గుర్రాలు, అనఁగా అదనపు హార్స్‌పవర్; ఏల = ఎందుకు; గియరు తెలిసి = డ్రైవు నిష్పత్తి ఎరిగి; ఱెక్క గీతన్ = ప్రొపెల్లర్ మీద చెక్కిన అంకెను; చూడు = చూడుము; నాల్గువేలు దాఁటి నాలుగొందలు రాక = నిండు త్రాటిల్ ఇచ్చినా 4,400 ఆర్‌పీఎం అందకుండా; ఇంజను ఎంత పెంచి = ఎన్ని లీటర్లది తెచ్చి బిగించి; ఏమి ఫలము = ఏం లాభం.

'గీత' అంటే భగవద్గీత అన్నవారున్నారు. డబ్బంతా పడవకు పోసినవాడికి అదీ పనికొచ్చేదే గాని, ఇక్కడ ప్రకరణం అది కాదు.

వ్యాఖ్య: కవి ఊరికే 'పడవకు' అనక 'పాత పడవకు' అన్నాడు. ఆ విశేషణం పాదపూరణం కాదు. ముప్పై ఏళ్ల ఫైబర్‌గ్లాస్ పడవలో నేల కింద నింపిన ఫోమ్ నీరు పీల్చుకుని ఉండవచ్చు. ఇంజను కూర్చున్న దూలాల్లోనూ, డ్రైవు వేలాడే వెనక గోడ ట్రాన్సమ్‌లోనూ ఉన్న ప్లైవుడ్ మెత్తబడి ఉండవచ్చు. అమ్మినప్పటి కాగితంలోని బరువు ఒకటి, నేడు లారీల కాటా మీద తేలే బరువు మరొకటి. వేగం తగ్గిందని ఇంజనును తిట్టేవాడు ముందు పడవను తూయించాలి.

'పంచకళ్యాణులు' బహువచనం కావడంలోనే చమత్కారముంది. గుర్రాలను రెట్టింపు చేస్తే వేగమూ రెట్టింపవుతుందని లోకం నమ్మకం. జార్జ్ క్రౌచ్ అనే అమెరికన్ నావాశిల్పి సూత్రం దాన్ని ఒప్పుకోదు. నీటిపై తేలుతూ పరుగెత్తే పడవకు వేగం పెరిగేది శక్తికి వర్గమూలంగా మాత్రమే. మనుషులతో, పెట్రోలుతో కలిపి 3,000 పౌండ్ల పడవ 135 గుర్రాలతో గంటకు 38 మైళ్లు పోతుందనుకోండి. 270 గుర్రాలు కడితే 76 రాదు, 54 వస్తుంది. ఆ గుర్రాలకు కావలసిన ఎనిమిది సిలిండర్ల వీ-8 ఇంజను మరో 250 పౌండ్లు మోపితే 52కి దిగుతుంది. ఆ బరువంతా పడేది ఆ మెత్తబడిన దూలాల మీదనే.

చట్టమైనా అడ్డం రాదా? రాదు. అమెరికాలో 20 అడుగుల లోపు పడవకు కోస్ట్‌గార్డ్ నిబంధన ప్రకారం ఒక పలక ఉంటుంది. బయట మోటారు తగిలించే పడవలకైతే గరిష్ఠ హార్స్‌పవర్ దాని మీదే రాసి ఉంటుంది. స్టెర్న్‌డ్రైవ్ పలక మనుషులెందరో, బరువెంతో చెప్పి, గుర్రాల సంగతి ఎత్తదు. ఈ మౌనాన్నే అంగీకారంగా తీసుకుని ఎందరో వీ-8లు బిగించారు.

'గియరు తెలిసి' అన్నది పద్యానికి ఆయువుపట్టు. ఆ చిన్న ఇంజను వెనకాల డ్రైవు నిష్పత్తి 1.94, ఇంజను 1.94 చుట్లు తిరిగితే ప్రొపెల్లర్ ఒక్క చుట్టు. అదే తరం ఆల్ఫాలో 5.7 లీటర్ల వీ-8కి ఇచ్చింది 1.47. పిచ్ అంటే ఒక్క చుట్టుకు ఱెక్క జారకుండా ముందుకు పోవలసిన అంగుళాలు. లెక్క ఇది: ఆర్‌పీఎంను పిచ్‌తో గుణించి, నిష్పత్తినీ 1056నూ గుణించగా వచ్చినదానితో భాగిస్తే, జారుడు లేని వేగం మైళ్లలో వస్తుంది. 4,600 ఆర్‌పీఎం, 19 అంగుళాల పిచ్, 1.94 నిష్పత్తి వేస్తే సుమారు 43. నీళ్లు మరమేకు దిగే చెక్క కావు గనుక జారుడు పదో వంతు దాకా పోయి, 38 చేతికొస్తుంది. క్రౌచ్ లెక్కా, ఈ లెక్కా ఒక్కచోట కలిశాయి.

ఇప్పుడు పాత డ్రైవును అలాగే ఉంచి వీ-8 ఎక్కించారనుకోండి. 52 మైళ్లు రావాలంటే 26 అంగుళాల పిచ్ కావాలి. 1.47 డ్రైవైతే 20 చాలు. అంటే ఇంజనుతోపాటు డ్రైవు కూడా కొనాలి. అమ్మేవాడు ఈ మాట డబ్బు ముట్టాకే చెబుతాడు.

డ్రైవు మీది స్టిక్కరు ఎండకు చెరిగిపోతే? తాళంచెవి తీసి, స్పార్క్ ప్లగ్గులు ఊడదీసి, గియరు ముందుకు వేసి, ఱెక్క మీద సుద్దగీత పెట్టాలి. ముందున్న కప్పీని పానాతో పది చుట్లు తిప్పి, సుద్దగీత ఎన్నిసార్లు పైకొచ్చిందో లెక్కపెట్టాలి. ఐదు దాటి కాస్త వస్తే 1.94. ఏడుకు కాస్త తగ్గితే 1.47. ఆరు దాటితే 1.62, అంటే ఎవరో ముందే వేలు పెట్టారు.

'ఱెక్క గీత': హబ్ మీద 14 × 19 అని ఉంటుంది. మొదటిది వ్యాసం, రెండోది పిచ్. పిచ్ ఒక అంగుళం తగ్గిస్తే నిండు త్రాటిల్‌లో 150 నుంచి 200 ఆర్‌పీఎం పెరుగుతుంది. ఇక్కడ 'ఱెక్క గాటు' అనే పాఠాంతరం ఉంది. 'గి'కి 'గా'తో యతి కుదరదు గనుక పండితులు త్రోసిపుచ్చారు. మెకానిక్కులు మాత్రం ఇదే సరైన పాఠమంటారు: అల్యూమినియం ఱెక్క రాయికి తగిలి అంచు వంగితే హబ్ మీది అంకెకు విలువ లేదు. లోపలి రబ్బరు బుష్ జారినా అంతే. ఇంజను గోల పెడుతుంది, పడవ కదలదు.

ఱెక్క అల్యూమినియమా స్టీలా, ఎన్ని ఱెక్కలుండాలి అన్న తగవు ఒకటుంది. స్టీలు గట్టిది, తేలిగ్గా వంగదు, ధర ఎక్కువ. నాలుగు ఱెక్కలది తక్కువ వేగంలోనూ పడవను పైకి పట్టి ఉంచుతుంది, కంపనం తగ్గిస్తుంది, చివరి ఒకటి రెండు మైళ్లు తినేస్తుంది. పిల్లలను ట్యూబు మీద లాగేవారికి అది మేలు. ఈ తగవు ఇంతటితో చాలు.

'నాలుగొందలు' గ్రామ్యం. నాలుగువందలంటే గణం చెడుతుంది గనుక కవిని క్షమిద్దాం. ఈ జాతి ఇంజన్లకు నిండు త్రాటిల్‌లో ఉండవలసిన హద్దు 4,400 నుంచి 4,800. కింది హద్దు అందకపోతే పిచ్ ఎక్కువని అర్థం. ఇంజను ముక్కుతూ లాగుతుంది, సిలిండర్లలో నాకింగ్ పుట్టి పిస్టన్లు చెడతాయి. అయితే ఈ అంకె చెప్పే టాకోమీటరును గుడ్డిగా నమ్మరాదు. దాని వీపున 4, 6, 8 సిలిండర్ల మీట ఒకటుంటుంది. వీ-8 వేసి మీటను నాలుగు మీదే వదిలేస్తే అంకె రెట్టింపు చూపిస్తుంది.

ఇదే పడవ ఫోల్సమ్ సరస్సులో, సముద్రమట్టానికి 500 అడుగుల లోపు, 4,600 చూపిందనుకోండి. వచ్చే వారం టాహో సరస్సుకు ఈడ్చుకెళితే అక్కడ ఎత్తు 6,225 అడుగులు. వెయ్యి అడుగులకు నూటికి మూడు చొప్పున గాలి పలచబడి 135 గుర్రాల్లో పాతిక మాయమవుతాయి. సూది 4,300 దగ్గర ఆగుతుంది. సరస్సు ఒడ్డున నిలబడి వీ-8 కలలు కనేది ఈ ఘడియలోనే. 17 పిచ్ ప్రొపెల్లర్ ఒకటి పెట్టెలో ఉంటే గంటలో పని అయిపోతుంది.

తాత్పర్యం: ఇంజను మార్చబోయే ముందు పడవను తూయించి, గియరు లెక్కించి, ఱెక్క మార్చి చూడు. చూసేటప్పుడు రోజూ ఎక్కే బావమరుదులనూ, ఐస్ పెట్టెనూ ఎక్కించుకుని మరీ చూడు.

సూది 4,800 దాటిపోతే ఏం చేయాలో కవి చెప్పలేదు. పిచ్ పెంచాలి. ఆటవెలదికి పాదాలు నాలుగే కావడం వల్ల ఆ సంగతి మిగిలిపోయింది.