డొమైను పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక: మణుగూరులో బొగ్గు లారీల ట్రిప్పులు లెక్కగట్టే ఒక ఆఫీసు. లెక్కల వాళ్లవి విండోస్ యంత్రాలు, సర్వరు లినక్సు, యజమానిగారి అల్లుడిది మ్యాకు. నెట్‌వర్కు పేరు చివర 'డాట్ లోకల్'. అందరికీ కనబడే బిల్లుల ఫోల్డరు అల్లుడుగారికి మాత్రం కనబడలేదు. అలక పుట్టింది. అప్పుడు పాత గుమాస్తా కంప్యూటర్ల కుర్రాడికి చెప్పిన తేటగీతి ఇది.

ఇంటి పేరుండ నేలయా యెరువు పేరు
లోకలన్నచో మ్యాకుకున్ లోకువగును
కిటికి, పెంగ్విను, యాపిలు కినుక వీడ
కొన్న పేరుకు తగిలించు కొమ్మ యొకటి

టీక: ఇంటి పేరు = వెబ్‌సైటు కోసం ఆఫీసు తీసుకున్న డొమైను; ఉండన్ = ఉండగా; ఎరువు పేరు = అసలువాడు ఏనాడైనా వచ్చి పట్టుకుపోగల పేరు; ఏలయా = ఎందుకయ్యా; కిటికి = విండోస్; పెంగ్విను = లినక్సు; యాపిలు = అల్లుడుగారు; కినుక వీడన్ = అలక మానేటట్లు; కొమ్మ = డొమైనుకు ముందు చేర్చే 'లోపల' వంటి చిన్న మాట. కొమ్మకు స్త్రీ అన్న అర్థమూ ఉంది గాని, ఇక్కడ పొసగదు. ఇప్పటికే ఒక అల్లుడితో వేగలేకున్నారు.

తాత్పర్యం: నీ సొంత డొమైను కింద ఒక కొమ్మ కట్టి అదే లోపలి పేరుగా పెట్టుకో.

విశేషాలు: 'లోకల్' అనగానే సింగరేణి ప్రాంతంలో కొలువుల తగవు గుర్తుకొస్తుంది, 1975 రాష్ట్రపతి ఉత్తర్వు నాటి ముచ్చట. కంప్యూటర్లలో ఆ తగవు 2013లో తీరింది. ఆర్‌ఎఫ్‌సీ 6762 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఆ మాటను మల్టీకాస్టుకు రాసిచ్చేసింది. లోకల్ అని వినబడితే మ్యాకు సర్వరును అడగదు, 224.0.0.251 అనే వీధి మధ్య నిలబడి "ఎవరయ్యా ఫలానా?" అని కేకేస్తుంది. సర్వరు రిజిస్టరు ముందేసుకుని గదిలోనే కూర్చుని ఉంటుంది, పిలుపు తనకు కాదు గనక పలకదు. కుర్రాడిని తప్పుపట్టలేం. ఒకప్పుడు మైక్రోసాఫ్టువారి చిన్న ఆఫీసుల సర్వరే ఆ పేరు సూచించేది.

ఎరువు పేరుకు ఉదాహరణ 'డెవ్'. ఊరిదే కదా అని ఎందరో వాడుకున్నారు. అది గూగుల్ చేతికి వెళ్లింది, 2017 చివర క్రోమ్ ఆ పేరున్న ప్రతి సైటునూ భద్రమైన దారిలోనే రమ్మంది. సర్టిఫికెట్టు లేని లోపలి సైట్లు గుమ్మంలోనే ఆగిపోయాయి.

పూర్వపక్షం: 2024లో ఇంటర్నెట్ పేర్ల పెత్తనం చూసే ఐకాన్ 'ఇంటర్నల్' అనే పేరును లోపలి వాడకానికే వదిలేసింది కదా?
సమాధానం: వాడవచ్చు, దోషం లేదు. అయితే అది అందరి పేరు. రేపు రెండు ఆఫీసులు కలిస్తే రెండింట్లోనూ అదే పేరు. బయటివారెవరూ దానికి సర్టిఫికెట్టు ఇవ్వరు.

'కొమ్మ' అనడంలోనే చమత్కారం. కొమ్మ లేకుండా కొన్న పేరునే లోపలికీ పెట్టుకుంటే, ఆఫీసులో కూర్చున్నవాడికి తన వెబ్‌సైటే దొరకదు. పేరు ఒకచోట, మనిషి ఒకచోట అయితే ఏమవుతుందో ఇక్కడివారికి చెప్పనక్కర్లేదు. భద్రాచలం రోడ్ అన్న బోర్డు చూసి రైలు దిగితే అది కొత్తగూడెం. రాముడికి ఇంకా దాదాపు 40 కిలోమీటర్లు, మధ్యలో గోదావరి.

పాఠాంతరం: 'కన్న పేరుకు' అని కొందరు. యతి చెడుతుంది. పైగా ఏటా రెన్యువల్ డబ్బు కడుతున్నాం గనక 'కొన్న' అనడమే సాధువు.

ఫలశ్రుతి: సర్వరు పెట్టకముందు ఇది చదివినవాడికి ఆదివారాలు మిగులుతాయి. పెట్టాక చదివినవాడు యంత్రాలన్నిటికీ మళ్లీ పేరు మారుస్తూ పద్యాన్ని తనంతట తానే కంఠస్థం చేస్తాడు.