మీకు అనుమతి లేదు

ఆఫీసు రహస్యాలు రెండు రకాలు. ఎవరికీ తెలియనివి కొన్ని, అందరికీ తెలిసినా తెలియనట్టు ఉండాల్సినవి కొన్ని. మొదటి రకాన్ని నేను ఇంతవరకూ ఏ ఆఫీసులోనూ చూడలేదు. రెండో రకాన్ని కాపాడటమే నా వృత్తి.

వృత్తి అంటే మరేం లేదు. మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌లో చిన్న వ్యాపారాలకి ప్రోగ్రాములు రాసిస్తుంటాను. ఇప్పుడు చెప్పబోయేది గుంటూరు దగ్గర ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీ సంగతి. “1992లో వచ్చిన సాఫ్ట్‌వేర్‌ని ఇంకా పట్టుకుని వేలాడుతున్నావా బాబాయ్” అని హైదరాబాదు నుంచి సంక్రాంతికి వచ్చిన పిల్లలు నన్ను జాలిగా చూస్తారు. రెండు గిగాబైట్లు దాటకూడని ఆ ఒక్క ఫైలులో ఏళ్ల తరబడి టిక్కీల (మిర్చి బస్తాల) లెక్కలు, అద్దెలు, అడ్వాన్సులు, వాటితోపాటు కోల్డ్ స్టోరేజీ యజమాని కుటుంబంలో అలకలు కూడా పట్టాయని వాళ్లకేం తెలుసు?

ఈ ప్రోగ్రాముల్లో కంటికి కనిపించే ఫారాలు లాట్ ఎంట్రీ, డెలివరీ, అద్దె బిల్లు లాంటివి. అసలు సంసారం నడిపేవి కనిపించని ఫారాలు. లాగిన్ ఫారంలో పేరు, పాస్‌వర్డ్ కొట్టి ఓకే నొక్కగానే అది పోయిందనుకుంటారు. పోదు. విజిబుల్ అనే ప్రాపర్టీని ఫాల్స్ చేస్తే తెర మీంచి తప్పుకుని, లోపలికొచ్చింది ఎవరు, వాళ్ల లెవెల్ ఎంత అన్నది మనసులో పెట్టుకుని ప్రోగ్రాం మూసేదాకా అక్కడే కూర్చుంటుంది. మిగతా ఫారాలు తెరుచుకునే ముందు దాన్నే అడుగుతాయి: ఈయన్ని రానివ్వమంటారా, వద్దంటారా?

రెండో గుప్త ఫారం పని ఇంకా నిస్వార్థం. డేటా ఫైలు ఒక కంప్యూటర్లో ఉంటుంది, ఫారాలున్న ఫైలు ఎవరి టేబుల్ మీద వాళ్లకుంటుంది. ఈ ఫారం పొద్దున్నే డేటా ఫైల్లో ఒక చిన్న టేబుల్‌ని పట్టుకుని సాయంత్రం దాకా వదలదు. వదిలితే ప్రతి బిల్లుకీ ఫైలు తెరవడం, లాక్ ఫైలు పుట్టించడం, మళ్లీ చెరపడం, ఈ తతంగమంతా మొదటికొస్తుంది. ప్రోగ్రాం నత్తనడక నడుస్తుంది. ఆ ఫారానికి ఇంకో పని లేదు, దానికి ఎవరూ థాంక్స్ చెప్పిన పాపాన పోలేదు.

మూడోది కొంచెం దుర్మార్గురాలు. దానికో టైమర్ ఉంటుంది. నిమిషానికోసారి లేచి ఎవరు పనిచేస్తున్నారు, ఎవరు తెరిచి పెట్టి ఎటో పోయారు అని చూస్తుంది. చాలాసేపు కదలిక లేకపోతే ప్రోగ్రాం మూసేస్తుంది. రాత్రి బ్యాకప్ తీసుకోవాలన్నా, ఫైలుని కాంపాక్ట్ చేయాలన్నా లోపల ఒక్కరు కూడా మిగలకూడదు మరి. ఒకరోజు గుమాస్తాగారు టీకి వెళ్లారు. ఆయన టీ అంటే అందులో మిర్చి యార్డు ధరలు, రాష్ట్ర రాజకీయాలు, అల్లుడి బదిలీ కూడా కలిసి ఉంటాయి. తిరిగొచ్చేసరికి తెర ఖాళీ.

“బాబూ, నన్ను బయటికి పంపింది ఎవరు?”

“ఎవరూ కాదండీ, లోపలో ఫారం ఉంది. చాలాసేపు ఎవరూ ముట్టుకోకపోతే…”

“ఓనరు పెద్దాయన నాన్నగారి హయాం నుంచి ఉన్నాను. ఇంతవరకూ నన్ను లేవమన్న మనిషి లేడు. ఫారం లేపుతుందా?”

ఆయన కంప్యూటర్ వరకూ ఆ టైమర్ గడువు పెంచాను. సీనియారిటీని సాఫ్ట్‌వేర్ కూడా గౌరవించాలి.

అసలు చిక్కు లెవెల్స్ దగ్గర వచ్చింది. ఆపరేటర్ అమ్మాయికి 1, గుమాస్తాగారికి 2, మేనేజరుకి 3, యజమాని పెద్దాయనకి 4 అని పెట్టాను. ఇవి అధికారాలు. కానీ ఆఫీసు వాటిని మార్కులుగా తీసుకుంది. పెద్దాయన బావమరిది డైరెక్టర్ హోదాలో ఉన్నారు. ఆయన అడిగిన మొదటి ప్రశ్న “నేనేం చూడగలను?” కాదు. “మేనేజరుకి ఎంతిచ్చావ్?” అని. ఆయన పని చూస్తే లెవెల్ 1 ఎక్కువ. చుట్టరికం చూస్తే 4 తక్కువ. ఆలోచించి లెవెల్ 7 ఇచ్చాను. 7లో చేయగలిగినవన్నీ 3లో కూడా చేయొచ్చు, అది ఆయనకి చెప్పలేదు. పైన “స్వాగతం డైరెక్టర్ గారూ” అని ఒక లేబుల్ పెట్టాను. ఆ రోజు లాగిన్ అయి, స్వాగతం చదువుకుని, లాగౌట్ అయ్యారు. మళ్లీ లోపలికి వచ్చిన దాఖలా లేదు. అంత సంతృప్తి చెందిన యూజరు నాకు ఇంకొకరు లేరు.

తర్వాతి గొడవ బటన్లతో. ఒక మనిషికి అధికారం లేని బటన్‌ని రెండు రకాలుగా ఆపొచ్చు. నొక్కినా పలకకుండా బూడిదరంగులో ఉంచడం ఒకటి, అసలు కనిపించకుండా చేయడం ఇంకొకటి. పుస్తకాలు మొదటిది మంచిదంటాయి. మెనూ స్థిరంగా ఉంటుంది, ఎక్కడేముందో మనిషికి అలవాటవుతుంది అంటాయి. ఆ పుస్తకాలు రాసినవాళ్లు మన ఆఫీసుల్లో పనిచేయలేదు. మేనేజరు “అద్దె తగ్గింపులు” అనే బూడిదరంగు బటన్‌ని చూసి మూడు రోజులు నాతో మాట్లాడలేదు. “నాకు తెలియకూడదనుకుంటే తెలియకుండా చెయ్యండి. తెలియకూడనిది ఒకటుందని రోజూ చూపించడమెందుకు?” అన్నారు. న్యాయమే. కనిపిస్తూ పలకని బటన్ అవమానం. కనిపించని బటన్ మర్యాద. ఆ సాయంత్రమే దాన్ని దాచేశాను. మర్నాటి నుంచి ఆయన నాకు టీ చెప్పించడం మొదలుపెట్టారు.

అద్దె తగ్గింపులంటే ఆ కోల్డ్ స్టోరేజీకి పెద్ద రహస్యం. టిక్కీకి ఇంత అద్దె అని బోర్డు మీద ఉంటుంది. ఎవరికెంత తగ్గించారన్నది పెద్దాయనకి, తగ్గించుకున్న రైతుకి, ఆ రైతు బావకి, ఆ బావ ఊరికి మాత్రమే తెలుసు. ఆ పట్టిక నా ప్రోగ్రాంలో గుప్తంగా ఉండాలి. టేబుల్ పేరుకి ముందు యు-సిస్ అన్న అక్షరాలు తగిలిస్తే యాక్సెస్ దాన్ని తన సొంత సిస్టమ్ వస్తువనుకుని జాబితాలో చూపించదు. అంతవరకూ భేష్. ఆప్షన్లలోకి వెళ్లి సిస్టమ్ ఆబ్జెక్టులు చూపించమని టిక్ పెడితే మళ్లీ చూపిస్తుంది. దాచమంటే దాస్తుంది, చూపించమంటే చూపిస్తుంది, ఎవరు అడిగినా సరే. దానికి పక్షపాతం లేదు.

ఒకప్పుడు యాక్సెస్‌లో యూజర్లు, గ్రూపులు, ఎవరికి ఏ హక్కు అనే పెద్ద యంత్రాంగమే ఉండేది. వర్క్‌గ్రూప్ ఫైలని దానికో వేరే దస్త్రం. అందులో పుట్టుకతోనే అడ్మిన్ అనే యూజరుండేవాడు, పాస్‌వర్డ్ లేకుండా. లాగిన్ అడిగే ఏర్పాటు చేయకపోతే ఎవరు తెరిచినా అడ్మిన్ కిందే లెక్క. ఆ అడ్మిన్ హక్కులు ముందుగా తీసేయకపోతే మిగతా కట్టుదిట్టమంతా వృథా. చాలామంది తీసేవారు కాదు. దాంతో ఊరంతా అడ్మిన్లే. 2007 వెర్షన్‌తో కొత్త ఫైలు ఫార్మాట్ వచ్చినప్పుడు అందులో ఆ యంత్రాంగాన్నే ఎత్తేశారు. అప్పటి నుంచి నాలాంటివాళ్లు ఎవరి లాగిన్ వాళ్లే వండుకుంటున్నాం.

వండినది వడ్డిస్తే తినాలి కదా. పాస్‌వర్డ్ తన పేరులో మొదటి నాలుగక్షరాలు, పక్కన 123 అని గుమాస్తాగారు ఆఫీసు మొత్తానికి వినిపించేలా ఆపరేటర్ అమ్మాయికి చెప్పారు. ఆ అమ్మాయి మర్చిపోకుండా దాన్ని గోడమీది క్యాలెండర్ మీద రాసింది. ఇక ఎవరికి లాగిన్ అవసరమైనా క్యాలెండర్ చూస్తారు, తిథి చూసినట్టు కూడా ఉంటుంది. ఎవరు ఏం చేశారో రాసుకునే లాగ్ టేబుల్ ఒకటి పెట్టాను. దాని ప్రకారం, తెనాలిలో అల్లుడి కాళ్లు కడుగుతున్న శుభ ముహూర్తాన గుమాస్తాగారు గుంటూరులో డెలివరీలు ఎంట్రీ చేస్తున్నారు. ఆ పెళ్లికి ఆఫీసంతా వెళ్లింది. మరి ఎంట్రీ చేసిందెవరని ఎవరూ అడగలేదు. అది రెండో రకం రహస్యం.

ఇంతలో వేసవి సెలవులకి డైరెక్టర్ గారి అబ్బాయి వచ్చాడు. బీటెక్ మూడో సంవత్సరం. షిఫ్ట్ కీ నొక్కిపట్టి ఫైలు తెరిచాడు. అలా తెరిస్తే లాగిన్ ఫారమూ రాదు, గుప్త ఫారాలూ రావు, టేబుళ్లన్నీ వరసగా నిలబడి దర్శనమిస్తాయి. అది ప్రోగ్రాం రాసేవాళ్ల సౌకర్యం కోసం పెట్టిన దారి. దాన్ని మూయడానికి అలౌ-బైపాస్-కీ అనే ప్రాపర్టీ ఉంది, మూశాను. ఎఫ్ 11 నొక్కినా జాబితా రాకుండా చేశాను. ఫారాల డిజైన్ ఎవరూ మార్చకుండా ఏసీసీడీఈ ఫైలుగా బిగించాను. డేటా ఫైలుకి పాస్‌వర్డ్ పెట్టాను. “నైస్ అంకుల్” అన్నాడు. కాసేపటికి ఒక ఖాళీ డేటాబేస్ తెరిచి, నా ఫైల్లోని సిస్టమ్ టేబుల్‌ని దాంట్లోంచి చదివాడు. లింకు చేసిన టేబుళ్ల పక్కనే డేటా ఫైలు ఎక్కడుందో, దాని పాస్‌వర్డ్ ఏమిటో అందులో ఉన్నదున్నట్టు రాసి ఉంటుంది. నేను చేసిందంతా సింహద్వారానికి మూడు తాళాలు వేసి దొడ్డివైపు గోడ కట్టకపోవడమేనని వాడు పాపం ఎంతో మర్యాదగా వివరించాడు.

దీనికి మూలం ఇంకా లోతుగా ఉంది. డేటా ఫైలున్న ఫోల్డర్‌లో వాడే ప్రతి ఒక్కరికీ చదివే హక్కుతోపాటు రాసే హక్కూ ఉండాలి, లేకపోతే లాక్ ఫైలు పుట్టదు, పని నడవదు. అంటే ఒక్క రిపోర్టు చూడటానికి అర్హత లేని మనిషికి కూడా మొత్తం ఫైలుని పెన్‌డ్రైవ్‌లో వేసుకుపోయే అర్హత ఉంటుంది. దాచడం వేరు, తాళం వేయడం వేరు. యాక్సెస్ దాచగలదు. గట్టి తాళం కావాలంటే డేటాని ఎస్‌క్యూఎల్ సర్వర్‌లోకి మార్చాలి. అక్కడ ఏ మనిషికి ఏ టేబులో సర్వరే చూసుకుంటుంది, ఫైలు ఎవరి చేతికీ చిక్కదు. ఎక్స్‌ప్రెస్ ఎడిషన్ ఉచితం కూడా.

ఇదంతా పెద్దాయనకి చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నారు.

“అబ్బాయ్, తగ్గింపుల సంగతి మావాడి కొడుక్కి తెలిసిపోయిందంటావ్.”

“అవునండీ.”

“వాడికి తెలియడానికి కంప్యూటరెందుకు? వాళ్లమ్మ చెప్పి ఉంటది. అది వదిలెయ్. నాకు వేరే పని చేసిపెట్టు. ఆ తగ్గింపుల ఫారం నాక్కూడా రాకుండా చెయ్.”

నేను సరిగా వినలేదనుకున్నాను. యజమాని తన లెవెల్ తానే తగ్గించమనడం నా అనుభవంలో లేదు.

“మీరే ఓనరు కదండీ.”

“అదే వచ్చిన తంటా. సీజన్ వచ్చిందంటే పొద్దున లేచిందగ్గర్నుంచి ఒకళ్ల తర్వాత ఒకళ్లు. బావా, మా తోడల్లుడికి టిక్కీకి పది తగ్గించు. అన్నా, మా ఊరోళ్లకి చూడు. నేను కాదంటే మొహం మాడుస్తారు. సిస్టమ్ కాదంటే ఎవురేమంటారు? నేను నొక్కుతా, అది కుదరదనాలి. పెద్దక్షరాలతో, తెలుగులో.”

తెలుగులో అనేసరికి నాకు పని పడింది. యాక్సెస్‌లో కోడ్ రాసే వీబీఏ ఎడిటర్‌కి యూనికోడ్ రాదు, కోడ్‌లో తెలుగు పెడితే వరసగా ప్రశ్నార్థకాలు మిగులుతాయి. అందుకని మెసేజి కోసమే ఒక ఫారం చేశాను. అందులో ఒక్క లేబుల్: “మీకు అనుమతి లేదు.” అది కూడా పొద్దున్నే అందరితోపాటు తెరుచుకుని, కనిపించకుండా కూర్చుంటుంది. పెద్దాయన తగ్గింపు బటన్ నొక్కగానే తెర నిండా ప్రత్యక్షమవుతుంది.

మొదటి ప్రదర్శన బావమరిదికే జరిగింది. పెద్దాయన మానిటర్ ఆయన వైపు తిప్పి నొక్కారు. ఫారం వచ్చింది. ఇద్దరూ దాన్ని కాసేపు చూశారు. “చూశావుగా, నా చేతుల్లో ఏం లేదు” అన్నారు పెద్దాయన. లెవెల్ 7 మనిషి లెవెల్ 4 మనిషిని నిజమైన సానుభూతితో ఓదార్చి వెళ్లిపోయారు. కుటుంబంలో ఒక అలక పుట్టక ముందే పోయింది. ఏళ్లుగా నేను కట్టిన రక్షణలేవీ ఎవర్నీ ఆపలేకపోయాయి. ఆ ఒక్క లేబుల్ ఆపింది. దాని వెనక కోడ్ కూడా పెద్దగా లేదు.

నిజంగా తగ్గించాల్సినవాళ్లకి? దానికి వేరే యూజరుంది. ఆ పేరు పెద్దాయనకి తెలుసు, నాకు తెలుసు. గుమాస్తాగారికి తెలియదని మేం ముగ్గురం అనుకుంటాం.

సీజన్ అయ్యాక లాగ్ చూశాను. డెలివరీ ఫారాన్ని మించి ఎక్కువసార్లు తెర మీదికి వచ్చింది ఆ కాదనే ఫారమే. ఎస్‌క్యూఎల్ సర్వర్ సంగతి మళ్లీ కదిపాను. “అందులోకి మారితే ఆ మెసేజి ఉంటదా?” అన్నారు. ఉంటుందన్నాను. “అయితే నీ ఇష్టం. ముందు మాత్రం ఆ అక్షరాలు ఇంకొంచెం పెద్దవి చెయ్యి, చాలామంది రైతులు కళ్లజోడు తేకుండా వస్తున్నారు.”