శరత్కాల క్యాంపు

ఈశాన్య రుతుపవనాలతో పాటు నెల్లూరు తీరానికి వాయుగుండాలూ, వాటి వెనుకే ‘క్యాంపు’లూ వస్తాయి. క్యాంపు అనగా ఉద్యోగి తన కార్యస్థానం విడిచి ప్రభుత్వ పనిమీద వెళ్లడం. జీపులో పని ఒకరిదై మిత్రులు నలుగురైనప్పుడు ఆ పదానికి విహారమనే అర్థం కూడా సిద్ధిస్తుంది.

మైపాడులో తుఫాను సన్నద్ధతను మోకాలి లోతు అలల్లో నిలబడి పరిశీలించడం, మధ్యాహ్నం చేపల పులుసును మత్స్యసంపద సమీక్షగా నమోదు చేయడం ఇందులో భాగాలు. 2022 ఏప్రిల్ 4 నాటి పునర్విభజనలో నేలపట్టు పక్షుల కేంద్రం తిరుపతి జిల్లాకు చేరినందున అక్కడ కొంగలను లెక్కించడం అంతర్ జిల్లా సమన్వయం అవుతుంది. పులికాట్ సరస్సు తమిళనాడుతో ఉమ్మడి గనుక అక్కడి పడవ షికారు (ఫొటోలు దిగితే మరీ) అంతర్రాష్ట్ర చర్చల స్థాయిని అందుకుంటుంది.

గూడబాతులు కూడా ఇదే రుతువులో, బంధుమిత్ర సపరివారంగా, గూళ్లు కట్టే పనిమీదే నేలపట్టుకు వచ్చి, పిల్లలకు రెక్కలొచ్చేదాకా నెలల తరబడి క్యాంపులోనే ఉంటాయి గానీ, వాటిలో ఒక్కటైనా టీఏ, అనగా ప్రయాణ భత్యం, బిల్లు పెట్టిన దాఖలా లేదు.