కాశీకి సొరంగం, షూస్టాండు మీద

ఇంట్లో కూర్చుని పనిచేసేవాళ్ల మీద వేసిన ఒక ఆఫీసు సర్క్యులర్ వాట్సాప్‌లో తిరుగుతూ మీ ఫోన్‌కీ వచ్చే ఉంటుంది. మా ఆవిడకి మాత్రం ఆఫీసు మెయిల్లోనే వచ్చింది, సాక్షాత్తూ ఒరిజినల్. ఇంటి ఇంటర్నెట్టూ రూటరూ ఉద్యోగి సొంత బాధ్యతట. వీపీఎన్ పనిచేయని సమయం పనివేళల్లోకి రాదట. పంపింది ఉద్యోగుల సంక్షేమం చూసే విభాగం.

వీపీఎన్ అంటే ఏమిటని అడిగాను. ఇంట్లోంచి ఆఫీసు దాకా కంటికి కనపడని సొరంగం అనుకో, అంది. సొరంగాల సంగతి తెలుగువాడికి ఒకరు చెప్పాలా! మా ఊరి శివాలయం వెనక బిలం ఉంది. అందులో దూరితే నేరుగా కాశీలో తేలతారు. గోల్కొండ నుంచి చార్మినార్‌కి కూడా ఒకటి ఉందంటారు. మన రాష్ట్రాల్లో సొరంగం లేని పాత కోట నేను వినలేదు, అటు చివర తేలిన మనిషినీ చూడలేదు. మా బిలంలోకి పూర్వం ఒక మేకను వదిలారని అమ్మమ్మ చెప్పేది. అది ఇంకా కాశీ దారిలోనే ఉంది.

కూకట్‌పల్లిలో మా ఫ్లాటుకి ఆ బిలం షూస్టాండు మీదుంది. రెండు కొమ్ములు, నాలుగు పచ్చ దీపాలు.

సర్క్యులర్ వచ్చిన మర్నాడే సొరంగం పూడింది. పూర్తిగా పూడినా బాగుండేది. స్క్రీను మీద ‘కనెక్టెడ్’ అని నిక్షేపంగా ఉంది. చాట్‌లో ‘గుడ్ మార్నింగ్ టీమ్’ అని పెడితే వెళ్లింది, అరడజను దండాలు తిరిగొచ్చాయి కూడా. ఫైలు తెరవబోతే మాత్రం తెల్లటి పేజీ, మధ్యలో గిరగిరా తిరిగే చక్రం. అంటే మేక వెళ్తోంది, ఏనుగు వెళ్లట్లేదు.

సొరంగానికి అటు ద్వారం దగ్గర హెల్ప్‌డెస్క్ కాపలా. “రూటర్ ఆఫ్ చేసి ఆన్ చేశారా మేడమ్?” చేసింది. “మళ్లీ ఒకసారి చేస్తారా?” మళ్లీ చేసింది. “మాకు మీరు కనెక్టెడ్ అనే చూపిస్తోంది. రూటర్ మా పరిధి కాదు మేడమ్.” టికెట్ క్లోజ్. ఇటు ద్వారం దగ్గర నెట్ కనెక్షన్ కుర్రాడు. “యూట్యూబ్ ఆడుతోందా అక్కా?” ఆడుతోంది. “అయితే మా లైన్ ఓకే. మీ ఆఫీసు వాళ్లని అడగండి.” రెండు ద్వారాలూ భేషుగ్గా ఉన్నాయి. మధ్యలో ఉన్న చీకటికి మాత్రం యజమాని మా ఆవిడ.

బిలం ముందు కొబ్బరికాయ కొడదామా అన్నాను. నా వంక చూడకుండా ఫోన్ తీసి కిటికీలో పెట్టి హాట్‌స్పాట్ ఆన్ చేసింది. ఫైలు టక్కున తెరుచుకుంది. లాప్‌టాప్ తప్పు కాదు, ఆఫీసు తప్పూ కాదు, దోషం బిలంలోనే. ఫోన్ మీదే కానిచ్చేయొచ్చుగా అంటే, డేటా మధ్యాహ్నం దాకా కూడా రాదంది. మళ్లీ ఇంటి నెట్‌కే మారి వీపీఎన్ ఆపింది. పింగ్ అట, సొరంగంలోకి కొలతకర్ర తోయడం లాంటిది. 1472 తోసింది, వెళ్లలేదు. 1464 తోసింది, వెళ్లింది. పాలవాడి బిల్లు వెనక 28 కలిపి 1492 అని రాసి, గుండ్రంగా చుట్టింది.

విషయం ఏమిటంటే, ఈ దారుల్లో మూట ఎత్తు మామూలుగా 1500 బైట్లు. మా లాగా యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కొట్టి తెచ్చుకునే కనెక్షన్‌లో, 1999లో రాసుకున్న పీపీపీఓఈ నియమం ప్రకారం, తన ముద్ర కోసం 8 బైట్లు అదే తీసుకుంటుంది. మిగిలేది 1492. ముందు రాత్రి కరెంటు పోయి వచ్చాక మా రూటరు ఈ సంగతి మర్చిపోయి 1500 పట్టుకు కూర్చుంది. వీపీఎనేమో ప్రతి మూటకీ పైన ఇంకో గోనెపట్టా చుట్టి పంపుతుంది. మూట పట్టనప్పుడు ‘పెద్దదైంది, చిన్నది కట్టుకురా’ అని వెనక్కి కబురు చెప్పాలి. మాది కబురు చెప్పకుండా మూటని మింగేస్తోంది. ఏనుగు పోయింది, ఎనిమిది బైట్ల తోక చిక్కింది.

షూస్టాండు ముందు నేల మీద బోర్లా పడుకుని, ఫోన్ టార్చి వేసి, రూటరు అడుగున స్టిక్కరు మీది పాస్‌వర్డ్ చదివింది మా ఆవిడ. 192.168.1.1లోకి వెళ్లి 1500 కొట్టేసి 1492 పెట్టింది. తెల్లటి పేజీ నిండింది. టైము పదకొండుంపావు. కూర్చున్నది తొమ్మిదింటికి.

ఆ రెండుంపావు గంటలూ ఆవిడ చేసింది ఏమిటి? నెట్‌వర్క్ ఇంజనీరు పని. ఆఫీసు నాలుగు గోడల మధ్య ఇదే తీగ తెగితే దాన్ని వెతికేవాడికి జీతమిస్తారు, వెతుకుతున్నంతసేపూ కుర్చీల్లో కూర్చున్న వందమందికీ జీతమిస్తారు. ఆ తీగని మా హాల్లోకి తెచ్చి పెట్టి, అద్దె, ఏసీ, కరెంటు, కుర్చీ, టీ మిగుల్చుకుని, తీగ తెగిన రోజు మాత్రం ‘అది మీ ఇల్లు’ అంటారా? 2020 నవంబరులో బీపీఓల నిబంధనలు సడలించినప్పుడు టెలికాం శాఖ కూడా ఇంట్లో కూర్చుని పనిచేసేవాణ్ణి ఆ బీపీఓ సెంటరుకి రిమోట్ ఏజెంట్‌గానే లెక్కేసింది. సర్కారుకి తోచిన ఆ మాత్రం సంగతి వీళ్లకి తోచదు. తోచకేం! దీపావళికి ‘మన ఇల్లే మన ఆఫీసు’ అని స్వీట్ బాక్సు మీద అచ్చేయించింది వీళ్లే. ఆ హెల్ప్‌డెస్క్ కుర్రాడి మీద నాకు కోపం లేదు. వాడూ ఏదో ఊళ్లో ఏదో బిలం ముందు కూర్చునే ఉంటాడు, సొరంగం పూడిన రోజు వాడి జీతమూ కోస్తారు.

సాయంత్రం టైమ్‌షీట్ నింపుతూ చూపించింది. టీమ్ లంచ్‌కి కోడ్ ఉంది. ధ్యానం క్లాసుకి కోడ్ ఉంది. ఆ రెండుంపావు గంటలకి లేదు. రెండు గంటలు దాటితే సగం రోజు సెలవు పెట్టమంటుందట సిస్టం. కారణం రాయందే ముందుకు కదలనంది.

‘సొంత పని’ అని కొట్టింది.