టీచరుగారి పంచాంగం

మా అమ్మమ్మ లెక్కలన్నీ ఉప్పెన చుట్టూ తిరిగేవి. పెద్ద మామయ్య పెళ్ళి దివిసీమ ఉప్పెనకి ముందు, చిన్న మామయ్య పెళ్ళి ఉప్పెన తర్వాత. 1977 నవంబరు 19కి అటూ ఇటూ మా వంశమంతా సర్దుకుని కూర్చునేది. అంతకుమించి తేదీలడిగితే ఆవిడకి కోపం వచ్చేది. మా ఎదురింటి టీచరుగారిది ఇంతకన్నా పకడ్బందీ వ్యవహారం. ఆవిడ పంచాంగం సిద్ధాంతి రాసింది కాదు, ఆర్థిక శాఖ రాసింది.

"బాబుకెన్నేళ్ళు నిండాయండీ?" అని అడిగి చూడండి. వేళ్ళు మడవరు. "నూట ఎనభై రోజుల జీవో వచ్చిన ఏడాది పుట్టాడన్నయ్యగారూ" అంటారు. అంటే 2010 అన్నమాట. ఆ ఏడాది మే నెలలో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఉద్యోగినుల ప్రసూతి సెలవుని 120 రోజుల నుంచి 180కి పెంచింది. అమ్మాయి పుట్టింది 2005లో. ఆ పిల్ల ఖాతాలో పడ్డవి 120 రోజులే. ఈ అరవై రోజుల తేడా ఆ ఇంట్లో ఇప్పటికీ తెగని ఆస్తి తగాదా. తమ్ముడితో పేచీ వచ్చినప్పుడల్లా అమ్మాయి పాత బాకీ బయటికి తీస్తుంది. "నన్ను నాలుగు నెలలకే నానమ్మ మీద పడేసి బడికి పోయావు. వీణ్ణి మాత్రం ఆర్నెల్లు ఒళ్ళో పెట్టుకున్నావు."

"నేనేం చెయ్యనే, నీకు జీవో లేదు" అంటారు టీచరుగారు. అందులో వేళాకోళం ఇసుమంతైనా ఉండదు.

ఇలాంటి టీచరుగార్లు మా నరసరావుపేటలోనే కాదు, బస్టాండున్న ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. పొద్దున పట్నం నుంచి పల్లెకి, సాయంత్రం పల్లె నుంచి పట్నానికి షేర్ ఆటోల్లో తిరుగుతుంటారు. ఇద్దరు కొత్తగా పరిచయమైతే మొదట అడిగేది ఇంటిపేరు కాదు, ఏ డీఎస్సీలో ఉద్యోగం వచ్చిందని. మా టీచరుగారిది డీఎస్సీ-2001. వాళ్ళ తోడికోడలిది డీఎస్సీ-2003. ఆ చిన్నావిడకి నోటిఫికేషను 2003లో వస్తే పోస్టింగు 2005లో చేతికొచ్చింది. ఈలోగా 2004 సెప్టెంబరు 1 తర్వాత చేరేవాళ్ళకి పాత పెన్షను లేదని తేల్చేశారు. మామగారికి ఇద్దరు కోడళ్ళూ ఒకటే. ప్రభుత్వానికి కాదు. ఒకావిడ పాత పెన్షను, ఒకావిడ సీపీఎస్ అనే కొత్త పెన్షను. అత్తగారికి ఈ గొడవ సరిగ్గా అర్థం కాలేదు. "చిన్నదానికి సీపీఎస్ అటమ్మా, పాపం, మందులేమన్నా వాడుతోందో లేదో" అని చాలాకాలం నలుగురి దగ్గరా విచారించారు.

టీచరుగారి పొద్దు ఎలా నడుస్తుందో చెప్పకపోతే ఈ పంచాంగం సగమే చెప్పినట్టు. అయిదుకి లేచి రెండు పొయ్యిలూ వెలిగించి మొత్తం నాలుగు క్యారేజీలు కడతారు. అందులో ఒకటి అత్తగారిది, ఇంట్లోనే ఉండే మనిషికి క్యారేజీ ఎందుకంటారా? మధ్యాహ్నం గిన్నెలు వెతుక్కోకుండా. మర్నాటి కూర ఆటోలో తయారవుతుంది. గోరుచిక్కుళ్ళు ఈనెలు తీయడానికి మా ఊరి నుంచి ఆవిడ బడి ఉన్న పల్లెకి దూరం సరిగ్గా సరిపోతుందట. చిక్కుడుకాయలకైతే రైలు గేటు పడాలి. ఆ ఆటోలో నలుగురు టీచరుగార్లుంటారు. నాలుగిళ్ళ కూరలూ, డీఏ బకాయిలూ, మోకాళ్ళ నొప్పులూ, ఎవరి కోడలికి ఎన్నో నెల అన్నదీ అక్కడే తేలతాయి. డ్రైవరు వినీ వినీ ఇప్పుడు ఇంక్రిమెంటు లెక్కలు కూడా చెప్పగలడు.

2022 ఆగస్టులో మొహం చూపించి హాజరు వేసుకునే యాప్ వచ్చింది. తొమ్మిదింటికల్లా ఫోను ముందు మొహం పెట్టాలి. పల్లెలో సిగ్నలు వేపచెట్టు కింద తప్ప ఉండదు కాబట్టి అందరూ ఫోన్లు ఎత్తిపట్టుకుని ఆకాశంకేసి చూసేవారు. దారిన పోయే రైతులు వానకోసం ఏదో మొక్కు అనుకున్నారు. మొదటి రోజున మా టీచరుగారు చెమటలు కక్కుతూ, జడ ఊడిపోయి, ఊపిరందకుండా వెళ్ళి మొహం నమోదు చేయించుకున్నారు. దాంతో యాప్‌కి అదే ఆవిడ అసలు మొహంగా స్థిరపడిపోయింది. కొన్నాళ్ళకి మరిది కూతురి పెళ్ళి. బడి నుంచి నేరుగా పెళ్ళికి పోవచ్చని పట్టుచీర కట్టి, పూలు పెట్టుకుని, తీరిగ్గా ముందే వెళ్ళారు. యాప్ గుర్తుపట్టలేదు. బొట్టు మార్చినా కళ్ళజోడు తీసినా లాభం లేకపోయింది. చివరికి పక్క టీచరు సలహా మీద బడి చుట్టూ గబగబా రెండుసార్లు తిరిగొచ్చి నిలబడితే హాజరు పడింది.

బడిలో చెయ్యాల్సింది చదువు చెప్పడం ఒక్కటే అనుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు. ఆవిడ జీవశాస్త్రం చెబుతారు, నిజమే. మధ్యాహ్న భోజనం పిల్లలకన్నా ముందు రుచి చూసి రిజిస్టర్లో రాసి సంతకం పెట్టాలి. గుడ్లకి ఫొటో తీయాలి. కొంతకాలం మరుగుదొడ్లకి కూడా ఫొటోలు తీసి పంపారు. ఆ రోజుల్లో ఆవిడ ఫోను గ్యాలరీ తెరిస్తే ఒక పిల్లల పుట్టినరోజు, నాలుగు మరుగుదొడ్లు, ఒక తిరుపతి, ముప్పై గుడ్లు వరసగా కనిపించేవి. అలవాటు ఇంటికి కూడా వచ్చింది. ఒక ఆదివారం అత్తగారు ముచ్చటపడి సాంబారు పెడితే, గరిటెతో అరచేతిలో వేసుకుని చప్పరించి "పరవాలేదు, ఉప్పు చాలలేదు" అని పెన్ను కోసం చుట్టూ వెతికారు. అత్తగారు ఆ తర్వాత సాంబారు పెట్టలేదు.

ఇక సెలవులు. జనవరి ఒకటిన మనం కొత్త క్యాలెండరు తగిలిస్తాం, ఆవిడ బడ్జెట్ ప్రవేశపెడతారు. మామూలు సీఎల్‌లు 15, ఆడవాళ్ళకిచ్చే ప్రత్యేక సీఎల్‌లు 5. మామగారి తద్దినానికి ఒకటి, ఆడపడుచు గృహప్రవేశాలకి రెండు (ఆ ఆడపడుచు ఇళ్ళు మారుతూ ఉంటుంది), బ్యాంకుకి అరపూట, పన్ను పీకించుకోవడానికి అరపూట. పిల్లల జ్వరాల కింద నాలుగు. ఆ నాలుగు దాటితే జ్వరాలకి నిధుల్లేవు. పిల్లలకీ ఈ సంగతి తెలుసు. అబ్బాయి రెండో తరగతిలో ఉండగా ఒక గురువారం రాత్రి ఒళ్ళు కాలిపోతుంటే, "అమ్మా, నీ సీఎల్ వద్దులే, రేపు బడికి పోతా, ఎల్లుండి రెండో శనివారం కదా, అప్పుడు పడుకుంటా" అన్నాడట. ఈ ముక్క చెప్పి ఆవిడ అందర్నీ నవ్విస్తారు. ఆ మర్నాడు సీఎల్ పెట్టారన్న సంగతి మాత్రం నాకు వాళ్ళాయన చెప్పారు.

ఆయన నీటిపారుదల శాఖలో సీనియర్ అసిస్టెంటు. నెమ్మదైన మనిషి. ఇంట్లో ఆయన్ని ఎవరు ఎంత లెక్కచేస్తారో నాకు తెలియదు గాని, బదిలీల కౌన్సెలింగులో మాత్రం ఆయనకి పాయింట్లున్నాయి. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగులైతే స్పౌజ్ పాయింట్లు కలుస్తాయి. "ఈసారి మీరు ఉపయోగపడతారండీ" అని ఆవిడ అన్నప్పుడు ఆయన మొహం వెలిగిపోవడం నేను కళ్ళారా చూశాను.

2017 బదిలీల్లోనే అమ్మాయి ఓణీల ఫంక్షను వచ్చింది. ముహూర్తం పదిన్నరకి. ఆప్షన్లు పెట్టుకోవడానికి ఆఖరి రోజూ అదే. సర్వరు ముహూర్తాలు పాటించదు కదా. పిల్ల పీటల మీద, తల్లి నెట్ సెంటర్లో. మేనత్త అక్షింతలు వేసింది, బంధువులంతా తల్లేదీ అని అడుగుతుంటే వాళ్ళాయన "సబ్మిట్ కొట్టగానే వచ్చేస్తుంది" అని అందరికీ కాఫీలందించారు. ఆవిడ పన్నెండున్నరకి వచ్చారు. ఫొటోగ్రాఫరు పిల్లని మళ్ళీ పీట మీద కూర్చోబెట్టి తల్లి దీవిస్తున్నట్టు తీశాడు. ఆల్బంలో ఆ ఒక్క ఫొటోలోనే దండ వాడిపోయి ఉంటుంది.

ప్రమోషను సంగతి కూడా ఇలాంటిదే. ఎస్జీటీ నుంచి స్కూలు అసిస్టెంటుగా మొదటిసారి అవకాశం వచ్చినప్పుడు ఖాళీ ఉన్న ఊరు మాచర్ల అవతల. అబ్బాయికి ఇంకా చెప్పులు కుడి ఎడమలు తెలియని వయసు. ప్రమోషను వదులుకుంటున్నానని రాసిచ్చి వచ్చారు. ఆ కాగితం నకలు ఇప్పటికీ ఫైల్లో ఉంది. ఎందుకు దాచారంటే, "వీడు పెద్దయ్యాక ఏమన్నా అంటే చూపిద్దామనన్నయ్యగారూ" అన్నారు. వాడింకా ఏమీ అనలేదు. కాగితం సిద్ధంగా ఉంది.

పిల్లల చదువుల దగ్గర మాత్రం ప్రభుత్వం ఆవిడని ప్రతిసారీ దెబ్బతీసింది. అమ్మాయి పదో తరగతికి ఏడాది పొడుగునా తెల్లవారుజామున లేపి చదివించారు. 2020 జూన్‌లో కరోనా వల్ల పరీక్షలు రద్దు చేసి అందర్నీ పాస్ చేసేశారు. అమ్మాయి ఎగిరి గంతేసింది. "నా నిద్ర నాకు ఎవరిస్తారు?" అన్నారు ఆవిడ. పిల్లల సంరక్షణకిచ్చే సెలవు, అదే సీసీఎల్, మొదట 2016లో 60 రోజులిచ్చారు, 2022లో 180 చేశారు. అందులో కొంత అబ్బాయి పదో తరగతి కోసం పోగేసి ఉంచారు. ఇది తెలిసిన దగ్గర్నుంచి వాడికి అన్నం సహించలేదు. ఒకరోజు నా దగ్గరికొచ్చి "మావయ్యా, వాళ్ళ హెడ్మాస్టరుగారు మీకు తెలుసు కదా, అమ్మకి సీసీఎల్ ఇవ్వొద్దని ఓ మాట చెప్పరా" అని బతిమాలాడు. నేను చెప్పక్కర్లేకపోయింది. మార్చిలో ఆవిడ బడి పిల్లలకీ పదో తరగతి పరీక్షలే, సైన్సు టీచరుని ఎవరు వదులుతారు? ఎనభై మంది పరాయి పిల్లల పుణ్యమా అని సొంత కొడుకు బతికిపోయాడు.

2024 మే 13న అమ్మాయి మొట్టమొదటిసారి ఓటేసింది. ఇంటిల్లిపాదీ గుమ్మంలో నిలబడి వేళ్ళు చూపిస్తూ ఫొటో దిగారు. అందులో టీచరుగారు లేరు, ముందురోజే ఎన్నికల డ్యూటీకి వెళ్ళి ఎక్కడో పోలింగు కేంద్రంలో బల్లల మీద పడుకున్నారు. ఓటు పోస్టల్ బ్యాలెట్లో ముందే పడిపోయింది. ఇన్ని ఎన్నికల్లో ఎన్ని వందల వేళ్ళకి చుక్క పెట్టారో లెక్కలేదు, ఆవిడ వేలికి సిరా తగిలిన గుర్తు మాత్రం ఎవరికీ లేదు. అదే ఏడు డిసెంబరు 7న రాష్ట్రమంతా సర్కారు బడుల్లో తల్లిదండ్రుల మెగా సమావేశం పెట్టారు. ఆవిడ గేటు దగ్గర నిలబడి నూటయాభై మంది తల్లులకి స్వాగతం చెప్పారు, వచ్చిన ప్రతివాళ్ళ పిల్లాడి గురించీ పేరుపేరునా మాట్లాడారు. సొంత కొడుకు బడిలో ఆవిడ మొహం ఎరిగినవాళ్ళు లేరు. అక్కడ ప్రతి సమావేశానికీ నాన్నే వెళతాడు, అందుకని వాళ్ళు ఆ అబ్బాయికి తల్లి లేదనుకుని ఎంతో ప్రేమగా చూస్తారని అమ్మాయి చెబుతుంది. ఇందులో ఎంత నిజమో నేను ఆరా తీయలేదు.

ఇల్లు కూడా పీఆర్సీల మీదే, అంటే జీతాల సవరణల మీదే లేచింది. 39 శాతం ఫిట్‌మెంటిచ్చిన పీఆర్సీతో స్థలం కొన్నారు. 43 శాతం వచ్చినప్పుడు స్లాబు పడింది, పై వాటా కూడా లేచింది. 2022లో 23 శాతమే ఇచ్చారు. మేడమెట్లకి కటకటాలు సగం దాకానే ఉండటానికి కారణం అదీ. కొత్తవాళ్ళెవరైనా పైకెక్కుతుంటే "జాగ్రత్తండీ, అక్కణ్ణుంచి పదకొండో పీఆర్సీ" అని కింద నుంచి కేకేస్తారు.

వాళ్ళాయనకి ఒక్కటే కోరిక, కాశీకి వెళ్ళాలని. పెళ్ళయిన కొత్తలో అడిగితే "నేను రిటైరయ్యాక తీరిగ్గా వెళదాం" అన్నారట. అప్పటికి రిటైర్మెంటు 58. ఆయన ఏళ్ళు లెక్కపెట్టుకుంటూ ఉండగా 2014లో 60 చేశారు. సర్దుకున్నారు. 2022 జనవరిలో 62 అన్నారు. ఆ రోజు సాయంత్రం వీధిలో ఉద్యోగులందరూ మిఠాయిలు పంచుకుంటుంటే ఆయన ఒక లడ్డూ చేత్తో పట్టుకుని చాలాసేపు తినకుండా కూర్చున్నారు. "ఆవిణ్ణి కాదండీ, కాశీనే దూరం జరుపుతున్నారు" అన్నారు నాతో.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఈ ఏడు మీ ఇంట్లో శుభకార్యమేదైనా ఉండి మా టీచరుగారిని పిలవదలచుకుంటే, సిద్ధాంతిగారి దగ్గరికి వెళ్ళేముందు ఒక్కసారి ఆవిడ దగ్గరికి రండి. మార్చిలో పరీక్షలు, ఏప్రిల్‌లో స్పాట్ వాల్యుయేషను, ఎండాకాలంలో బదిలీలు పడొచ్చు, జూన్‌లో బడులు తెరుస్తారు. రెండో శనివారం పక్కనున్న ఆదివారం చూసుకుని పెట్టుకోండి, తప్పకుండా వస్తారు. బడి రోజున పెట్టుకుంటే మాత్రం పట్టుచీర వద్దని ముందే చెప్పండి.