కొత్త కిడ్నీకి మా కాలనీ సలహాలు

జీవన్‌దాన్ అవయవదాన పథకం జాబితాలో పేరు రాయించుకుని, డయాలసిస్ చేయించుకుంటూ, ఫోన్ ఎప్పుడు మోగుతుందా అని ఎదురుచూసి చివరికి కిడ్నీ సంపాదించారు. సంతోషం. ఇకనుంచి దాన్ని డాక్టర్లు చూసుకుంటారు, మిమ్మల్ని మేం చూసుకుంటాం. దిల్‌సుఖ్‌నగర్ బస్టాండ్ నుంచి ఎల్బీనగర్ చౌరస్తా దాకా పుట్టి పెరిగినవాళ్లం. ఇక్కడి గాలి గురించి మాకు చెప్పే మొనగాడు ఇంకా పుట్టలేదు.

ముందు వాకింగ్ సంగతి. డిసెంబరులో తెల్లవారుజామున అయిదున్నరకే లేచి సరూర్‌నగర్ చెరువు వైపు బయల్దేరండి. చలికాలం పొద్దున చల్లగాలి నేలను పట్టుకుని ఉంటుందనీ, రాత్రంతా విజయవాడ హైవే మీద నడిచిన లారీల పొగ పైకి పోకుండా ముక్కు ఎత్తులోనే ఆగిపోతుందనీ, కాస్త ఎండ వచ్చాక నడవమనీ డాక్టర్లు అంటారు. అదంతా పుస్తకాల్లో మాట. మంచు కురుస్తుంటే గాలి స్వచ్ఛంగా ఉన్నట్టే కదా! దారిలో ఎవరో ఎండుటాకులు, ప్లాస్టిక్ కవర్లు కుప్పేసి అంటిస్తారు. ఆగి చేతులు కాచుకోండి.

మాస్కు పెట్టుకోండి, కాకపోతే గడ్డానికి. బండి మీద చైతన్యపురి మెట్రో స్తంభాల మధ్య ఇరుక్కున్నప్పుడు కర్చీఫ్ కట్టుకుంటే చాలు. పైన మెట్రో 2018 సెప్టెంబరు నుంచి పరుగెడుతోంది, కింద మనం ఎప్పటినుంచో ఆగే ఉన్నాం. పీఎం 2.5 అనే ధూళి వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు కూడా ఉండదట, కర్చీఫ్ నేతలోంచి దర్జాగా దూరిపోతుందట, ఎన్95 అయితేనే ఆగుతుందట. రోజు మొత్తం మీద ఘనపు మీటరుకు 15 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. మన ప్రమాణం 60. నాలుగింతలు రాసిచ్చారంటే మన ఊపిరితిత్తుల మీద సర్కారుకు ఎంత నమ్మకమో చూడండి.

అసలు కబురు దుమ్ముది. కొత్తపేటలో పక్క ఫ్లాట్‌వాళ్లు బాత్రూం పగలగొడుతున్నారనుకోండి. గోడకు కట్టర్ పెట్టగానే తెల్లటి పొడి కారిడార్‌లోకి వస్తుంది, తలుపు కింద సందులోంచి మీ హాల్లోకి వస్తుంది, మూత లేని స్టీలు గ్లాసులో నీళ్ల మీద పొరలా తేలుతుంది. వేలితో పక్కకు తోసి తాగేయండి. పాత గోడల్లో, తడి సున్నంలో ఆస్పర్‌జిల్లస్ అనే బూజు ఉంటుంది. దాని బీజాలు రెండు మూడు మైక్రాన్లవి, అందరమూ రోజూ పీలుస్తూనే ఉంటాం. మామూలు మనిషి ఒంట్లో రక్షణ కణాలు వాటిని మింగేస్తాయి. కొత్త కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టకుండా మీరు టాక్రోలిమస్, మైకోఫెనొలేట్, ప్రెడ్నిసొలోన్ వేసుకుంటున్నారు. అవి ఆ కాపలావాళ్లను నిద్రపుచ్చుతాయి, బూజు ఊపిరితిత్తిలో వేళ్లూనుకుంటుంది. అందుకే పెద్దాసుపత్రుల్లో మార్పిడి వార్డు పక్కన గోడ కొడితే ప్లాస్టిక్ తెరలు కడతారు. మనకెందుకండీ అంత ఆర్భాటం? గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ బాటసింగారం వెళ్లిపోయాక ఆ స్థలంలో టిమ్స్ ఆసుపత్రికి 2022లో శంకుస్థాపన చేశారు. రోగుల కోసం కట్టే ఆసుపత్రి దుమ్ము రోగికి హాని చేస్తుందా, మీరే చెప్పండి.

ఎండాకాలం పాత కూలర్ దించండి. నిరుటి గడ్డి మార్చకండి, ఆ తడివాసనే వేరు. బాల్కనీలో పావురాలకు జొన్నలు చల్లండి, పుణ్యం. ఎండిన రెట్టను మీరే చీపురుతో ఊడ్చండి. అందులోంచి లేచే పొడిలో క్రిప్టోకాకస్ అనే శిలీంధ్రం ఉంటుందని ఎవరైనా భయపెడితే, పావురం శాంతికి చిహ్నమని చెప్పండి.

చుట్టాలను ఆపకండి. మొదటి ఆరు నెలలూ ఎవరినీ రానివ్వొద్దంటే ఊళ్లో ఏమనుకుంటారు? దగ్గుతున్న బాబాయ్ బత్తాయిలు పట్టుకుని వస్తే మంచం పక్కనే కుర్చీ వేయండి. "ఏం కాదు బిడ్డా, నాది వట్టి జలుబే" అంటాడు. అన్నమాట మీద నిలబడే మనిషి.

ఇక మందులు. ఆ తెల్ల సెప్ట్రాన్ మాత్ర చవకది, చవకదాంట్లో ఏముంటుంది? మానేయండి. న్యూమోసిస్టిస్ నిమోనియా రాకుండా కనీసం ఆరు నెలలు వేస్తారు, ఎవరికి లెక్క? దగ్గు ముదిరితే మెడికల్ షాపుకు వెళ్లి "గట్టి యాంటీబయోటిక్ ఇవ్వు అన్నా" అనండి. క్లారిత్రోమైసిన్ ఇస్తే రక్తంలో టాక్రోలిమస్ పెరిగి కిడ్నీ దెబ్బతింటుంది. క్షయ అనుకుని రిఫాంపిసిన్ మింగితే టాక్రోలిమస్ తగ్గి, ఒళ్లు కిడ్నీని తిప్పికొడుతుంది. రెండువైపులా సుఖమే. జ్వరం లేకపోతే అసలు జబ్బే లేదని మా కాలనీ సిద్ధాంతం. స్టెరాయిడ్ వాడే ఒంట్లో నిమోనియా ఉన్నా థర్మామీటరు నోరు మెదపకపోవచ్చు. అది మా సిద్ధాంతంలో లేదు.

ఈ జాబితాలూ పరీక్షలూ విసుగనిపిస్తే దొడ్డిదారి కూడా మా దగ్గరే దొరికేది. సరూర్‌నగర్‌లో అనుమతి లేకుండా కిడ్నీలు మార్చిన ఆసుపత్రి గుట్టు 2025 జనవరిలో రట్టయి, తాళం పడింది. పాపం, మంచి సౌకర్యం పోయింది.

నవ్వింది చాలు. కిడ్నీ అయినా కాలేయం అయినా మార్చుకున్నవారికి కొత్తగా దగ్గో ఆయాసమో వస్తే, జ్వరం లేకపోయినా సరే, అదే రోజు ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్‌కు ఫోన్ చేయండి. వాళ్లు చెప్పకుండా ఒక్క మాత్ర వేయకండి, ఒక్క మాత్ర ఆపకండి.